గ్రూపు (హ్యాండిల్ బిగించే తల) నుంచి నీళ్లు సన్నగా వస్తున్నాయి, పంపు మార్చేయాలా? (సింగిల్ బాయిలర్ ఎస్ప్రెసో మిషన్)

నాగావళి_ఒడ్డు (రాయగడ)

అందరికీ నమస్కారం. మిషన్ వివరాలు: ఇటలీ తయారీ, 58 మి.మీ. హ్యాండిల్ (కాఫీ పొడి వేసి బిగించేది), అల్యూమినియం సింగిల్ బాయిలర్, 1300 వాట్లు, 3-వే సోలినాయిడ్ (కరెంటుతో తెరుచుకునే మూడు దార్ల వాల్వు) ఉంది, ఒత్తిడి చూపే గేజు లేదు. కొని నాలుగేళ్లు. ఇక్కడ సర్వీసు సెంటరు లేదు. కంపెనీకి ఫోన్ చేస్తే మిషన్ని పార్సిల్ చేసి పంపమంటున్నారు, అది మన వల్ల అయ్యే పని కాదు.

ఇదివరకు 18 గ్రాముల పొడికి 28 సెకన్లలో 36 గ్రాముల కాఫీ దిగేది. మొదటి చుక్క ఏడెనిమిది సెకన్లకి పడేది. ఇప్పుడు అదే గ్రైండరు, అదే నంబరు, అవే కోరాపుట్ అరబికా గింజలు. మొదటి చుక్కకే అర నిమిషం దాటుతోంది, నిమిషం ఆగినా 15 గ్రాములు మించట్లేదు. హ్యాండిల్ తీసేసి ఖాళీగా నడిపినా జల్లెడలో ఒక పక్క నుంచే సన్న ధార. పంపు శబ్దం కూడా మారింది. ఇదివరకు గరగరలాడేది, ఇప్పుడు బిగబట్టినట్టు మూలుగుతోంది. ఇంకో సంగతి, కాఫీ తీయనప్పుడు కూడా మిషన్ వేడిగా ఉన్నంతసేపూ ట్రేలోకి చుక్క చుక్క పడుతోంది.

ఇదంతా మూడు వారాల నుంచి. దానికి ముందు సున్నం పోతుందని నిమ్మ ఉప్పు వేశాను. లీటరుకు 50 గ్రాములు, రాత్రంతా బాయిలర్లో ఉంచి, పొద్దున్న రెండు ట్యాంకుల మంచి నీళ్లు పోనిచ్చాను. వాడేది బోరు నీళ్లే, టీడీఎస్ మీటరు 480 చూపిస్తోంది.

లోపల ఉన్నది 48 వాట్ల ఉల్కా కంపెనీ పంపు. ఆన్‌లైన్లో దొరుకుతోంది. ఆర్డర్ పెట్టేయనా? మల్టీమీటరు వాడడం వచ్చు, మిషన్ విప్పడానికి భయం లేదు.

చింతతోపు (గుణుపురం)

పెట్టేయండి. వైబ్రేషన్ పంపు నాలుగేళ్లు ఆడిందంటే బాగానే ఆడినట్టు. రెండు గొట్టాలు, రెండు వైర్లు, అరగంట పని.

కొలిచి_చెప్పు (బరంపురం)

ఆర్డర్ ఆపండి. చింతతోపు గారూ, మార్చడం అరగంట పనే, కాదనను. కానీ ఇక్కడ పంపు మీద అనుమానపడడానికి ఒక్క కారణమూ కనబడట్లేదు. పంపు నీరసిస్తే శబ్దం తేలికవుతుంది, డొల్లగా కొట్టుకుంటుంది. బిగబట్టి మూలుగుతోందంటే ఎదురు ఒత్తిడి ఉన్నట్టు. అది తోస్తోంది, దారే ఇరుకుగా ఉంది.

నీళ్లు పోయే దారి ఒకసారి మనసులో గీసుకోండి. ట్యాంకు, పంపు, ఆ పక్కనే ఓపీవీ (ఒత్తిడి హద్దు దాటితే మిగులు నీళ్లని వెనక్కి ట్యాంకులోకి తిప్పే వాల్వు), తర్వాత బాయిలర్. బాయిలర్ నుంచి రెండు దార్లు. ఒకటి స్టీమ్ గొట్టానికి, రెండోది సోలినాయిడ్ మీదుగా గ్రూపుకి. ఈ రెండు దార్లనీ విడివిడిగా కొలిస్తే నీళ్లు ఎక్కడ ఆగుతున్నాయో తెలిసిపోతుంది, రూపాయి ఖర్చు లేదు.

మిషన్ చల్లగా ఉండగా, అంటే హీటరు పట్టుకోకముందే, స్టీమ్ గొట్టం పూర్తిగా తెరిచి 30 సెకన్లు పంపు నడపండి. వచ్చిన నీళ్లు తూకం వేయండి. తర్వాత గొట్టం కట్టేసి, హ్యాండిల్ లేకుండా గ్రూపు నుంచి 30 సెకన్లు. తర్వాత జల్లెడ స్క్రూ విప్పి, జల్లెడా దాని వెనక పళ్లెమూ తీసేసి మళ్లీ 30 సెకన్లు. మధ్యమధ్య పంపుకి ఊపిరి ఇవ్వండి. ఈ పంపులు 2 నిమిషాలు నడిచి 1 నిమిషం ఆగడానికి చేసినవి, ఆపకుండా నడిపితే పక్కనున్న థర్మల్ ఫ్యూజు పోతుంది. అప్పుడు పంపు అసలే ఆడదు.

ఎదురు ఒత్తిడి లేకపోతే ఈ పంపు నిమిషానికి 650 మి.లీ. దాకా తోస్తుంది. మిషన్లో బిగించాక, గొట్టాలూ వాల్వులూ దాటుకుని 30 సెకన్లకి 200 మి.లీ. పైన వస్తే పంపుకి ఏ రోగమూ లేదు. ఇక డబ్బా మీద రాసే 15 బార్ అనేది నీళ్లు కదలకుండా ఆగిపోయినప్పుడు పంపు చేరే గరిష్ఠం. కాఫీకి కావాల్సింది 9. ఆ 15 చూసి మిషన్ కొనేవాళ్లు కొంటూనే ఉంటారు, అది వేరే గోల.

ఓపీవీ నుంచి ట్యాంకులోకి పడే సన్న గొట్టాన్ని (రిటర్న్ గొట్టం) బయటికి లాగి కొలత గ్లాసులో పెట్టండి. పై పరీక్షలు చేస్తున్నంతసేపూ అందులో ఎంత పడిందో కూడా రాసుకోండి.

వీలైతే గేజు కూడా చేసుకోండి. హ్యాండిల్ కింద కాఫీ కారే మూతిని విప్పితే 3/8 బీఎస్పీ (పైపు మరల కొలత) మర ఉంటుంది. హైడ్రాలిక్ గొట్టాలు, కంప్రెసర్ సామాన్లు అమ్మే షాపులో 0-16 బార్ గేజు, 3/8కి సరిపోయే బ్రాస్ జాయింటు, కాస్త టెఫ్లాన్ టేపు దొరుకుతాయి. పొడి వేయకుండా, పొడి పోసే చిల్లుల గిన్నె అయిన మామూలు బాస్కెట్‌తోనే బిగించి పంపు వేయండి. ఇక్కడ సూది ఎంతకి చేరిందన్నదొక్కటే చూడకండి, ఎలా ఎక్కిందో చూడండి. నాలుగైదు సెకన్లలో 9కి చేరి నిలిస్తే అంతా సవ్యం. 4 దగ్గరో 5 దగ్గరో ఆగిపోయి, రిటర్న్ గొట్టంలోనూ ఏమీ రాకపోతే పంపు నీరసం. అక్కడే ఆగి రిటర్న్ గొట్టంలో ధారగా పడుతుంటే ఓపీవీ స్ప్రింగు కింద ఏదో ఇరుక్కుని మూసుకోవట్లేదు. అక్కడే ఆగి డ్రైన్ గొట్టం (కాఫీ ఆపాక గ్రూపులో మిగిలిన నీళ్లు పోయేది) నుంచి ట్రేలోకి కారుతుంటే సోలినాయిడ్ పై సీలు పోయింది. నెమ్మదిగా, పాకుతున్నట్టు ఎక్కి చివరికి 9 చేరితే మాత్రం పంపూ ఓపీవీ బాగున్నట్టే, దారి మూసుకుపోతోంది. మీది ఈ చివరి రకం అని నా అంచనా. కొలిచి చెప్పండి.

నాగావళి_ఒడ్డు (రాయగడ)

కొలిచాను. 30 సెకన్లకి:

స్టీమ్ గొట్టం 235 మి.లీ., రిటర్న్ గొట్టంలో సున్నా.
గ్రూపు, జల్లెడతో 30 మి.లీ., రిటర్న్ దాదాపు 100.
గ్రూపు, జల్లెడా పళ్లెమూ తీసేసి 32 మి.లీ., రిటర్న్ అంతే.

గేజు షాపులో దొరికింది. సూది 20 సెకన్లకి పైనే తీసుకుని 9 కొంచెం దాటి ఆగింది. పాకినట్టే ఎక్కింది.

కొలిచి_చెప్పు (బరంపురం)

ఇక పంపు మాట ఎత్తొద్దు. స్టీమ్ గొట్టానికి 235 ఇచ్చిన పంపు గ్రూపుకి 30 ఇస్తోందంటే తేడా అంతా బాయిలర్ తర్వాతే. జల్లెడ తీసినా మారలేదు కాబట్టి జల్లెడ కాదు. మిగిలింది సోలినాయిడ్, దాని కిందున్న సన్న రంధ్రాలు.

మొదటి చుక్క ఆలస్యం కావడానికి కారణం కూడా ఇదే. కాఫీ కారే ముందు బాస్కెట్ పైన ఖాళీ నిండాలి, 18 గ్రాముల పొడి తడవాలి, రెండూ కలిపి 35 మి.లీ. దాకా పడుతుంది. సెకనుకి 1 మి.లీ. చొప్పున వస్తే అందుకే అర నిమిషం అవుతుంది. పొడి లావు చేసినా ఈ అర నిమిషం తగ్గదు. గ్రైండరు తిప్పి సరిచేద్దామనుకునే వాళ్లు తప్పేది ఇక్కడే.

విప్పడం గురించి జయపురం ఆయన చెప్తే బాగుంటుంది.

జయపురం_రోస్టు (జయపురం)

చెప్తాను. ముందు మీ మొదటి పోస్టులో అందరూ దాటేసిన ముక్క ఒకటుంది. కాఫీ తీయనప్పుడు కూడా ట్రేలోకి చుక్కలు పడుతున్నాయన్నారు. సోలినాయిడ్‌కి కరెంటు లేనప్పుడు లోపలి ఇనుప పిస్టను స్ప్రింగుతో కిందికి దిగి బాయిలర్ రంధ్రాన్ని మూస్తుంది, గ్రూపుని డ్రైన్ గొట్టానికి కలుపుతుంది. కాఫీ ఆపగానే ఫుస్సుమనేది అందుకే. కరెంటు ఇస్తే పిస్టను పైకి లేచి బాయిలర్ దారి తెరుస్తుంది, డ్రైన్ మూస్తుంది. మీకు మూసినప్పుడు కారుతోంది, తెరిచినప్పుడు సరిగ్గా రావట్లేదు. రెండూ ఒకేసారి ఉన్నాయంటే ఆ రంధ్రం మూతిలోనే సున్నం పెచ్చు ఇరుక్కుని ఉంటుంది. పూర్తిగా మూయనివ్వదు, పూర్తిగా తెరవనివ్వదు.

పెచ్చు ఎక్కడిదంటే మీ నిమ్మ ఉప్పు చలవే. లీటరుకి 50 గ్రాములేసి రాత్రంతా ఉంచితే బాయిలర్ గోడకున్న సున్నం అంతా కరగదు. కింద వదులై పెచ్చులుగా ఊడుతుంది, పొద్దున్న నీళ్లు పోనిస్తే అవి కొట్టుకొచ్చి అన్నిటికన్నా సన్న సందులో ఆగుతాయి.

పని మొదలుపెట్టే ముందు ప్లగ్గు పీకి చేతికి అందేలా పక్కన పెట్టుకోండి. స్విచ్ కట్టేయడం చాలదు. బాయిలర్ చల్లారాక స్టీమ్ గొట్టం తెరిచి ఒత్తిడి వదిలేయండి. వైర్లు పీకే ముందు ఫోన్లో నాలుగు వైపుల నుంచి ఫొటోలు.

సోలినాయిడ్ నెత్తిన ఒక నట్టు ఉంటుంది. అది తీస్తే కాయిల్ (తీగ చుట్ట) పైకి జారి వచ్చేస్తుంది. రెండు పిన్నుల మధ్య ఓములు చూడండి. వందల్లోనో వెయ్యి దాటో ఏదో ఒక అంకె నిలబడాలి. మీ కాయిల్ పోలేదని తెలుసు, పోతే గ్రూపుకి చుక్క కూడా దిగదు, అయినా చేతిలో ఉంది కనక చూసేయండి. ఒక్క హెచ్చరిక: కాయిల్‌ని కాడ (కాయిల్ తొడిగి ఉండే సన్న గొట్టం) మీది నుంచి తీసేశాక దానికి కరెంటు ఇవ్వొద్దు. లోపల ఇనుము లేకపోతే ఎక్కువ కరెంటు లాగి నిమిషాల్లో కాలుతుంది.

తర్వాత వాల్వు దిమ్మని గ్రూపుకి పట్టి ఉంచే రెండు స్క్రూలు. దిమ్మ ఊడొస్తుంటే కింద రెండు చిన్న ఓ-రింగులు జారి పడతాయి, కింద తెల్లగుడ్డ పరుచుకోండి. దిమ్మని వైస్‌లోనో మెత్తటి దవడల పట్టుకారుతోనో పట్టి, కాడని పానాతో విప్పండి. లోపల వేలెడు కూడా లేని ఇనుప పిస్టను, దాని స్ప్రింగు, రెండు చివర్లా రబ్బరు బొట్లు ఉంటాయి. బాయిలర్ రంధ్రం వైపున్న బొట్టుని వెలుతురుకి పెట్టి చూడండి. గుండ్రటి లేత గీత మామూలే. గోటికి తగిలేంత లోతుగా గుంట పడితే పిస్టను మార్చాలి, ఎంత శుభ్రం చేసినా కారడం ఆగదు.

ఇప్పుడు దిమ్మ లోపల అడుగున చూడండి, మధ్యలో చిన్న ముక్కులాగా లేచి రంధ్రం కనబడుతుంది. పెచ్చు అక్కడే ఉంటుంది. దాన్ని సూదితోనో పిన్నీసుతోనో పొడవొద్దు. ఆ ముక్కు అంచు మీద గీత పడితే రబ్బరు ఇక కూర్చోదు, దిమ్మ మొత్తం మార్చుకోవాలి. కొబ్బరి చీపురు ఈనెని చివర కొంచెం నమిలి మెత్తబరిచి దానితో తొలచండి, ఇత్తడికి గీత పడదు. వెనక నుంచి ఊదితే గాలి ధారాళంగా రావాలి. బాయిలర్ నుంచి వచ్చే రంధ్రం, గ్రూపుకి దిగే రంధ్రం, రెండూ చూడాలి. గ్రూపు వైపు రంధ్రాల్లో తారులాంటి నల్లటి కాఫీ నూనె పేరుకుని ఉంటుంది, అది నిమ్మ ఉప్పుకి పోదు. వేడినీళ్లలో కాఫీ మిషన్ కడిగే పౌడరు కలిపి ఇయర్‌బడ్‌తో తుడవాలి.

ఒట్టి ఇత్తడి దిమ్మని మాత్రం లీటరుకి 20 గ్రాముల నిమ్మ ఉప్పు నీళ్లలో 20 నిమిషాలు నానబెట్టొచ్చు. పిస్టనూ ఓ-రింగులూ అందులో వేయకండి.

తిరిగి బిగించేటప్పుడు ఓ-రింగులకి ఫుడ్ గ్రేడ్ సిలికాన్ గ్రీజు పల్చగా రాయండి. వాజలీను రాయొద్దు. ఈ రింగులు చాలావరకు ఈపీడీఎం రబ్బరు, పెట్రోలియం జిడ్డు తగిలితే ఉబ్బి మెత్తబడిపోతాయి. పాతవి బల్లపరుపుగా అణిగిపోయి ఉంటే ఎలాగూ విప్పారు కాబట్టి మార్చేయండి. కాలిపర్‌తో లోపలి కొలతా మందమూ తీసుకెళ్తే బేరింగుల షాపుల్లో దొరుకుతాయి, నీలం రంగు పంపుసెట్టు రింగులు అంటగడితే వద్దనండి, వేడికి ఆగే ఈపీడీఎం అని అడగండి. రెండు స్క్రూలూ ఒకటి పూర్తిగా బిగించి రెండోది కాకుండా, మార్చి మార్చి కొంచెం కొంచెం.

ఒక పెచ్చు దొరికిందంటే బాయిలర్లో దాని అన్నదమ్ములు ఉంటారు. వాల్వు బిగించాక మొదటి రెండు ట్యాంకులూ స్టీమ్ గొట్టం నుంచే వదలండి, అది లావు దారి. ఆ తర్వాతే గ్రూపు.

ఇకముందు సున్నం తీయాలంటే లీటరుకి 20 గ్రాములు, గోరువెచ్చగా, 20 నిమిషాలకి మించకుండా. ఐదు నిమిషాలకోసారి 100 మి.లీ. గొట్టం నుంచి వదలాలి, గ్రూపుకి ఆఖర్న కొద్దిగా చాలు. మరిగించొద్దు. నిమ్మ ఉప్పూ సున్నమూ కలిస్తే వచ్చే కాల్షియం సిట్రేటు వేడిలో ఇంకా తక్కువ కరుగుతుంది, తెల్లటి పిండిలా మళ్లీ అడుగున పడుతుంది. పైగా మీది అల్యూమినియం బాయిలర్, ఆమ్లం సున్నాన్ని తినేశాక లోహాన్ని తింటుంది. నీళ్లు బూడిద రంగులో వచ్చాయంటే అదే సంగతి. వెనిగర్ అసలే వద్దు, వాసన వారాల తరబడి వదలదు.

ఉప్పుబావి (పర్లాకిమిడి)

వాల్వు సంగతి పైవాళ్లు తేల్చేశారు. నీళ్లు మార్చకపోతే ఆరు నెలలకి మళ్లీ ఇదే పోస్టు పెడతారు, అందుకని నాలుగు ముక్కలు.

టీడీఎస్ 480 అంటే సున్నం ఎంతో తెలియదు. ఆ మీటరు కరెంటు ఎంత పారుతోందో చూసి అంకె చెప్తుంది, అందులో మామూలు ఉప్పు ఎంతో సున్నం ఎంతో దానికి తెలియదు. అక్వేరియం షాపులో జీహెచ్, కేహెచ్ అని చుక్కల మందు సీసాలు రెండు దొరుకుతాయి. 5 మి.లీ. నీళ్లలో రంగు మారేదాకా చుక్కలు లెక్కపెట్టడమే. ఒక్కో చుక్క దాదాపు 18 పీపీఎం (లీటరుకి మిల్లీగ్రాములు). జీహెచ్ మొత్తం కాఠిన్యం, కేహెచ్ క్షారత. పెచ్చులు కట్టేది ఈ రెండూ ఎక్కువున్నప్పుడే. కాఫీకి జీహెచ్ 3-5 చుక్కలు, కేహెచ్ 2-3 చుక్కలు ఉంటే రుచీ బాగుంటుంది, బాయిలరూ బతుకుతుంది.

ఉదాహరణకి మీ బోరు జీహెచ్ 16 వచ్చిందనుకోండి. ఒక వంతు బోరు నీళ్లకి మూడు వంతులు ఆర్వో నీళ్లు కలిపితే 4కి దిగుతుంది. ఆర్వో లేకపోతే నీళ్లు పది నిమిషాలు తెర్లించి, రాత్రంతా కదపకుండా ఉంచి, పై తేట మాత్రం వంచుకోండి. గిన్నె అడుగున మిగిలే తెల్లపొర మీ బాయిలర్‌కి అంటాల్సింది. దీంతో తాత్కాలిక కాఠిన్యమే పోతుంది, మరిగినా పోనిది అలాగే ఉంటుంది. తేటని మళ్లీ చుక్కలతో చూసుకోవాలి.

అసలు సున్నమే పట్టకూడదంటే ఆర్వో నీళ్లో డిస్టిల్డ్ నీళ్లో తీసుకుని లీటరుకి 0.1 గ్రాము పొటాషియం బైకార్బొనేటు కలపండి. 0.1 గ్రాము వంటింటి తూకంలో తూగదు. 10 గ్రాములు ఒక లీటరు డిస్టిల్డ్ నీళ్లలో కలిపి సీసాలో పెట్టుకోండి, అందులోంచి లీటరుకి 10 మి.లీ. పొయ్యండి. అది దొరక్కపోతే వంటసోడా 8.4 గ్రాములతో అదే సీసా చేసుకోవచ్చు. ఏమీ కలపని ఒట్టి ఆర్వో నీళ్లు మాత్రం వాడకండి. క్షారత లేని నీళ్లు లోహాన్ని తింటాయి, కాఫీ కూడా పుల్లగా, పస లేకుండా వస్తుంది.

గోపాలపురం వైపు సముద్రం దగ్గర బోర్ల వాళ్లకి ఇంకో బెడద ఉంది. ఉప్పు నీళ్లలో క్లోరైడు స్టీలు బాయిలర్‌కి సన్నసన్న గుంటలు పెడుతుంది. ఇంటికి పెట్టించుకునే సాఫ్ట్‌నరు సున్నాన్ని తీసి సోడియం ఇస్తుంది, క్లోరైడుని ముట్టుకోదు. అక్కడ ఆర్వో ఒక్కటే దారి.

చింతతోపు (గుణుపురం)

సరే, పంపు మాట వెనక్కి తీసుకుంటున్నా. ఒక సందేహం. ఫిల్టర్ కాఫీకి కొనే చికోరీ కలిపిన పొడి ఈ మిషన్లో వేయొచ్చా?

జయపురం_రోస్టు (జయపురం)

వేయొద్దు. కాఫీ గింజలో నీళ్లకి కరిగేది 30 శాతం లోపే, చికోరీలో అంతకి రెట్టింపు పైమాటే. ఒత్తిడిలో అది పాకంలా కరిగి పొడి బిళ్లని మూసేస్తుంది, జల్లెడకి జిగురులా అంటుకుంటుంది, మీరు హ్యాండిల్ తిప్పి లాగితే బిళ్ల సగం గ్రూపుకే వేలాడుతుంది. చికోరీ లేని పొడి అయినా ఫిల్టరుకి ఆడించినది దీనికి లావు, పది సెకన్లలో జారిపోతుంది. ఆ పొడికి ఇత్తడి ఫిల్టరే మేలు.

నాగావళి_ఒడ్డు (రాయగడ)

విప్పాను. రంధ్రం మూతిలో బియ్యపు నూక అంత పెచ్చు, గ్రూపు వైపు రంధ్రం నల్లటి జిడ్డుతో సగం మూసుకుని ఉంది. పిస్టను రబ్బరు బాగానే ఉంది, ఓ-రింగులు రెండూ మార్చాను. ఇప్పుడు గ్రూపు నుంచి 30 సెకన్లకి 220 మి.లీ., సూది 4 సెకన్లలో 9. ఖాళీగా ఉన్నప్పుడు ట్రేలోకి చుక్కలు ఆగాయి. స్టీమ్ గొట్టం నుంచి మొదటి ట్యాంకు వదిలినప్పుడు ఇంకో మూడు పెచ్చులు పడ్డాయి, చెప్పినట్టే.

ఇంకా రెండు మిగిలాయి. సాయంత్రం ఏడు దాటాక మిషన్ వేడెక్కడానికి పొద్దుటికన్నా చాలాసేపు పడుతోంది. రెండోది, ఇప్పుడు ఒత్తిడి సరిగ్గా వస్తోంది కాబట్టి కాబోలు, హ్యాండిల్ చుట్టూ కారుతోంది. బిగిస్తే హ్యాండిల్ గడియారంలో 5 అంకె దాకా పోతోంది.

కొలిచి_చెప్పు (బరంపురం)

మొదటిది వోల్టేజి. సాకెట్లో మిషన్ వేడెక్కుతుండగా కొలవండి, ఆపి ఉండగా కాదు. హీటరు శక్తి వోల్టేజి వర్గాన్ని (స్క్వేర్) బట్టి తగ్గుతుంది. 230కి 1300 వాట్లిచ్చేది 180కి 800 వాట్ల లోపే ఇస్తుంది. పంపు ఒత్తిడి కూడా పడిపోతుంది, అదే పొడికి సాయంత్రం కాఫీ తేడాగా వస్తుంది. అలాంటి చోట 2 కేవీఏ స్టెబిలైజరు పెట్టుకోవాలి. స్క్వేర్ వేవ్ ఇన్వర్టరు మీద మాత్రం నడపొద్దు.

కొలిచేటప్పుడు ఇంకొకటి గమనించండి. మిషన్ ఆపి ఉంటే 225, వేస్తే 205 అయితే తప్పు వీధి ట్రాన్స్‌ఫార్మరుది కాకపోవచ్చు, మీ ఇంటి వైరింగుది కావచ్చు. ఆ 20 వోల్టులు 5 ఆంపియర్ల దగ్గర 100 వాట్ల వేడిగా ఏదో జాయింటులోనో సాకెట్లోనో కాలుతున్నాయి. పది నిమిషాలు నడిపాక ప్లగ్గు పీకి పిన్నులు ముట్టుకుని చూడండి. చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉంటే సాకెట్ మార్చాలి. 6 ఆంపియర్ల సాకెట్‌కి ఈ మిషన్ దాదాపు అంచుల మీద ఉంటుంది, 16 ఆంపియర్లది పెట్టి ఎర్త్ సరిగ్గా ఉందో చూడండి. నీళ్లూ కరెంటూ ఒకే డబ్బాలో ఉన్న వస్తువు ఇది, ఎర్త్ లేని సాకెట్లో పెట్టొద్దు.

జయపురం_రోస్టు (జయపురం)

రెండోది గ్రూపు గాస్కెట్, అంటే హ్యాండిల్ చుట్టూ నీళ్లు కారకుండా ఆపే రబ్బరు రింగు. కొత్తది ఉన్నప్పుడు హ్యాండిల్ 6 అంకెకి కొంచెం ముందే బిగుస్తుంది, అరుగుతున్నకొద్దీ కుడివైపుకి పోతుంది. మీది రాయిలా గట్టిపడి ఉంటుంది. రోజూ వాడే మిషన్లో ఏడాదికోసారి మార్చేయాలి.

కొనే ముందు పాతదాన్ని తీసి కొలవండి. 58 మి.మీ. గ్రూపుల్లో 73×57 మామూలు, మందం దగ్గరే తేడా. కొన్నిటికి 8, కొన్నిటికి 8.5 మి.మీ. అర మిల్లీమీటరే కదా అనుకుంటే 8.5 కావాల్సిన చోట 8 పెట్టినప్పుడు హ్యాండిల్ మళ్లీ 5కే పోతుంది. సిలికాన్‌ది దొరికితే అదే తీసుకోండి, రబ్బరుకన్నా చాలాకాలం మెత్తగా ఉంటుంది.

గట్టిపడ్డది స్క్రూడ్రైవరుతో పెకలిస్తే ముక్కలవుతుంది, గ్రూపు అంచుకి గీతలు పడతాయి. ఒక సన్న చెక్క స్క్రూని గాస్కెట్ మధ్యలోకి సగం దాకా బిగించండి, ఎదురుగా ఇంకొకటి. ఆ రెండు తలలూ కటింగ్ ప్లయరుతో మార్చి మార్చి లాగితే మొత్తంగా ఊడొస్తుంది. స్క్రూ లోతుకి పోయి లోహానికి తగలకుండా చూసుకోండి. గాడిలో పేరుకున్న మసిని పాత టూత్ బ్రష్‌తో గీకి, పొడిగా తుడిచి, కొత్తదాన్ని రాతలున్న వైపు లోపలికి పెట్టి, వేళ్లతో చుట్టూ సమంగా నొక్కండి. చివరికి ఖాళీ హ్యాండిల్‌తో బిగిస్తే కూర్చుంటుంది. మొదటి వారం బిగుతుగానే ఉంటుంది, బలం పెట్టి 6కి లాగొద్దు.

నల్ల జిడ్డు మళ్లీ వాల్వులోకి పోకూడదంటే బ్యాక్‌ఫ్లష్ (నీళ్లని గ్రూపు నుంచి వెనక్కి, వాల్వు మీదుగా తోసి కడగడం) అలవాటు చేసుకోండి. చిల్లుల్లేని బాస్కెట్లో 3 గ్రాముల కాఫీ మిషన్ కడిగే పౌడరు (అందులో ప్రధానంగా ఉండేది సోడియం పెర్కార్బొనేటు), 10 సెకన్లు పంపు, 10 సెకన్లు ఆపు, ఐదుసార్లు. తర్వాత పౌడరు లేకుండా ఒట్టి నీళ్లతో ఐదుసార్లు. రెండు వారాలకోసారి చాలు. రోజూ ఆఖరి కాఫీ అయ్యాక ఒట్టి నీళ్లతో రెండుసార్లు చేసి జల్లెడ తుడిస్తే ఇంకా మంచిది. 3-వే వాల్వు లేని చిన్న మిషన్ల వాళ్లు ఇది చేయొద్దు. అక్కడ ఒత్తిడి దిగే దారి ఉండదు, హ్యాండిల్ తిప్పగానే వేడినీళ్లు ముఖం మీదికి చిమ్ముతాయి.

జల్లెడ వెనక పళ్లెం మీ మిషన్లో అల్యూమినియంది అయితే దాన్ని ఈ పౌడరు నీళ్లలో నానబెట్టకండి, గంటలో నల్లబడి చేతికి మసి అంటుతుంది. స్టీలు జల్లెడ, బాస్కెట్లు నానబెట్టొచ్చు. పళ్లెం ఇప్పటికే నల్లబడి ఉంటే అదే కొలతలో ఇత్తడిదో స్టీలుదో విడిగా దొరుకుతుంది, గాస్కెట్‌తో పాటే తెప్పించుకోండి.